ఖుత్బాలో మారిన పేర్లు

మెట్రోలో అమీర్‌పేట దాటితే వచ్చే స్టేషన్ పంజాగుట్ట. రోజూ వినే పేరే, ఒకసారి విడదీసి చూడండి. పంజా అంటే అయిదు వేళ్ల అరచెయ్యి, ఫారసీ మాట. గుట్ట మనదే. మొహర్రంలో, అంటే పీర్ల పండక్కి, లేచే పీర్ల మీద కూడా చాలాచోట్ల ఈ పంజా కనిపిస్తుంది. ఆ అయిదు వేళ్లూ ప్రవక్త, అలీ, ఫాతిమా, హసన్, హుసేన్ అని షియాలు చెబుతారు.

గోల్కొండ కుతుబ్‌షాహీలు షియాలు. వాళ్లలో అబ్దుల్లా 1626లో గద్దెనెక్కేనాటికి పన్నెండేళ్లు నిండని పిల్లవాడు. తెర వెనుక చక్రం తిప్పింది తల్లి హయాత్ బక్షీ బేగం. హయత్‌నగర్ ఆమె పేరు మీద వెలిసిందే. పదేళ్లకు, 1636లో, మొగలు చక్రవర్తి షాజహాన్ దక్కనుకు దిగి ఒప్పందం రాయించుకున్నాడు. ఏటా 2 లక్షల హొన్నుల కప్పం అందులో ఒక షరతు. అంతకన్నా గట్టిగా తగిలింది ఖుత్బా షరతు.

శుక్రవారం నమాజుకు ముందు చేసే ప్రసంగం ఖుత్బా. అందులో ఎవరి పేరు చదివితే ఆ ఊరికి ఆయనే ఏలిక. అప్పటిదాకా పన్నెండుమంది ఇమాముల పేర్లు, ఇరాన్ షా పేరు చదివేవారు. ఇకమీదట సున్నీల పద్ధతిలో నలుగురు ఖలీఫాల పేర్లు, ఇరాన్ షాకు బదులు షాజహాన్ పేరు. ఇది భక్తి గొడవ మాత్రమే అనుకుంటే పొరపాటు. ఇరాన్‌తో గోల్కొండకున్న చుట్టరికాన్ని తెంపడమే మొగలు లెక్క అని నాకు అనిపిస్తుంది.

ఇంగ్లండులోనూ దాదాపు ఇదే కథ. 1547లో ఆరో ఎడ్వర్డ్ తొమ్మిదేళ్లకే రాజయ్యాడు, పెత్తనం మేనమామ సోమర్‌సెట్‌ది. 1549లో లాటిన్ పూజ తీసేసి ఇంగ్లిష్ ప్రార్థన పుస్తకం పెట్టారు. డెవన్, కార్న్‌వాల్ జనం తిరగబడ్డారు. కార్న్‌వాల్‌లో కొందరికి ఇంగ్లిషే రాదు మరి! అక్కడ మార్పు సొంత మంత్రుల పని, ఇక్కడ పొరుగు చక్రవర్తి ఒత్తిడి. తేడా చిన్నదేం కాదు. ఎడ్వర్డ్ పదిహేనేళ్లకే పోయాడు, అక్క మేరీ వచ్చి పాత పూజ మళ్లీ తెచ్చింది.

అబ్దుల్లా మాత్రం 1672 దాకా ఏలాడు. మసీదులో పేర్లు మారినా, మొహర్రం ఆగలేదు. తాత మహమ్మద్ కులీ కట్టించిన బాద్షాహీ ఆషూర్‌ఖానాలో అలములు, అంటే పీర్లు, లేస్తూనే ఉన్నాయి. 1687లో ఔరంగజేబు గోల్కొండనే మింగేశాడు. పీర్లు ఊళ్లలో మిగిలాయి. తెలంగాణ పల్లెల్లో హిందువులూ వాటిని భుజాన మోస్తారు.