ఊపిరి వదలడం నేర్చిన యంత్రం

సిరుగుప్ప తాలూకా హచ్చొళ్ళిలోనైనా, ఎల్ల దాటి ఆదోని పల్లెల్లోనైనా ఆయాసం మనిషిని ఐసీయూకి తీసుకుపోతే ముందు వినిపించే మాట ఒకటే: "వెంటిలేటరు పెట్టినారంటే ఇంగ అయిపోయినట్లే." ఈ భయంతోనే చాలామంది కడదాకా ఇంట్లోనే ఉంటారు. అదే నాకు బాధ.

ఈ యంత్రం కథ పాతది. 1928లో బోస్టన్‌లో ఫిలిప్ డ్రింకర్, లూయీ షా తయారుచేసిన ఇనుప పెట్టె రోగి ఛాతీ చుట్టూ గాలి ఒత్తిడి తగ్గించి ఊపిరి పీల్పించేది. 1952లో కోపెన్‌హాగెన్‌ను పోలియో ముంచెత్తింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో మొదటి వారాల్లో అలాంటి యంత్రాల మీద పెట్టిన 31 మందిలో 27 మంది చనిపోయారు. అప్పుడు మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ ఒక పన్నెండేళ్ళ పాపకు గొంతు దగ్గర గొట్టం పెట్టించి, రబ్బరు సంచి నొక్కి గాలి లోపలికి పంపాడు. పాప బతికింది. ఆ తర్వాత సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా, రాత్రీ పగలూ, సంచులు నొక్కారు. మరణాలు సగానికి తగ్గాయి. నేటి వెంటిలేటరు ఆ చేతుల పనే చేస్తోంది.

పోలియోలో కండరాలు పడిపోతాయి, ఊపిరితిత్తులు బాగుంటాయి. సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు వేరు. ఏళ్ళ తరబడి బీడీ తాగినవాళ్ళకు, పత్తికట్టె పొయ్యి ముందు పొగ మింగిన ఆడవాళ్ళకు గాలిదారులు సన్నబడతాయి. పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాకముందే యంత్రం ఇంకో ఊపిరి నెడితే ఛాతీ ఉబ్బి, గుండెకు రక్తం చేరక బీపీ పడిపోతుంది. లోపల దాగిన ఈ ఒత్తిడిని 1982లో పెపీ, మారినీ అనే డాక్టర్లు వివరించారు. అందుకే సీఓపీడీ రోగులకు ఊపిరుల సంఖ్య తగ్గించి, వదలడానికి ఎక్కువ సమయం ఇస్తారు. అయినా గొట్టం ఉన్నన్నాళ్ళూ న్యుమోనియా భయం ఉంటుంది. కండరాలు నీరసించి యంత్రం నుంచి విడిపించడమూ కష్టమే.

గొట్టం లేకుండా, ముఖానికి బిగించిన మాస్కుతోనే గాలి అందిస్తే? ఫ్రాన్స్‌కు చెందిన లోరాన్ బ్రోషార్ బృందం 1995లో ప్రచురించిన అధ్యయనంలో 85 మంది సీఓపీడీ రోగులున్నారు. మామూలు చికిత్సలో వందకు 74 మందికి గొట్టం అవసరమైతే మాస్కు పెట్టినవాళ్ళలో 26 మందికే అవసరమైంది. ఆసుపత్రి మరణాలు 29 శాతం నుంచి 9కి దిగాయి. 2000లో బ్రిటన్‌లో 236 మందితో మామూలు వార్డుల్లో చేసిన పరీక్షలోనూ మరణాలు సగమయ్యాయి. నా దృష్టిలో ఈ కథలో పెద్ద మలుపు ఈ మాస్కే.

కానీ మాస్కుకు మెలకువగా ఉండి దగ్గగలిగే మనిషి కావాలి. స్పృహ తప్పాక చేరితే తరచుగా గొట్టమే దిక్కు. గొట్టం పడినా బతికి ఇంటికెళ్ళేవాళ్ళున్నారు.

ఆయాసం ఎక్కువై మాట తెగుతున్నా, పెదాలు నీలిబడినా, మగత కమ్మినా తెల్లారేదాకా ఆగకూడదు. 108కి ఫోన్ చేయాలి. కర్ణాటకలోనూ ఆంధ్రలోనూ అదే నంబరు. అంబులెన్సులో వచ్చినవాళ్ళకు పాత సీఓపీడీ అని చెప్పాలి. సీఓపీడీ రోగులకు ఆక్సిజన్ మరీ ఎక్కువైనా రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగి మగత ముదురుతుంది. వేలికి పెట్టే మీటరులో ఆక్సిజన్ 88, 92 శాతం మధ్య ఉంటే చాలు.