టెక్నాలజీ ఓకే.. కానీ మమ్మల్ని అడిగారా? అమెరికా వర్సిటీలో ప్రొఫెసర్ల పేచీ ఇదే!

కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ.. 2025 మొదట్లో 23 క్యాంపస్‌లు, 4.6 లక్షలకు పైగా విద్యార్థులు ఉన్న వ్యవస్థ. వీళ్లందరికీ, సిబ్బందికీ చాట్‌జీపీటీ ఎడ్యూ ఇస్తామని 2025 ఫిబ్రవరిలో యాజమాన్యం ప్రకటించింది. ఖర్చు దాదాపు 1.7 కోట్ల డాలర్లు. ఇదో పెద్ద ముందడుగు అని పైవాళ్లు చెప్పుకున్నారు. ప్రొఫెసర్లలో చాలామంది మాత్రం గుర్రుమన్నారు. ఎందుకంటే అంతకు ముందు నెలలోనే, ఇదే వ్యవస్థలోని సోనోమా స్టేట్‌లో నిధుల్లేవంటూ ఫిలాసఫీ సహా పలు డిపార్ట్‌మెంట్లు ఎత్తేస్తామన్నారు మరి!

అంటే లెక్చరర్లకు టెక్నాలజీ అంటే పడదా? అలా అనుకుంటే పొరపాటే. అసలు పేచీ ఎక్కడుందో తెలియాలంటే 2013కి వెళ్లాలి.

అప్పట్లో ఈ వ్యవస్థలోనే ఉన్న శాన్ హోసే స్టేట్ ఆన్‌లైన్ కోర్సుల వైపు దూకుడుగా వెళ్లింది. మన తెలుగు విద్యార్థులూ చదువుకునే సిలికాన్ వ్యాలీ క్యాంపస్ ఇది. ఇంజినీరింగ్‌లో ఎంఐటీ సర్క్యూట్స్ వీడియోలను ఓ లెక్చరర్ తన క్లాసులో కలిపి వాడుకున్నారు. ఫలితాలు మెరుగయ్యాయి. అక్కడ పెద్దగా గొడవేం లేదు.

గొడవ ఫిలాసఫీలో మొదలైంది. హార్వర్డ్ ప్రొఫెసర్ మైఖేల్ సాండెల్ 'జస్టిస్' కోర్సును వాడమంటే డిపార్ట్‌మెంట్ ససేమిరా అంది. ఏకంగా సాండెల్‌కే బహిరంగ లేఖ రాసింది. ధనిక వర్సిటీల పిల్లలకు ఎదురుగా ప్రొఫెసరు, మిగతావాళ్లకు వీడియోనా? మాకు ఇలాంటి కోర్సు చెప్పేవాళ్లు లేరా? లేఖ సారాంశం ఇదే. తన పాఠాలతో వేరే చోట ప్రొఫెసర్లకు నష్టం జరగడం తనకూ ఇష్టం లేదని సాండెల్ బదులిచ్చారు.

అదే ఏడాది ఉడాసిటీతో కలిసి ఆల్జీబ్రా, స్టాటిస్టిక్స్ ఆన్‌లైన్‌లో పెట్టారు. కోర్సుకు 150 డాలర్లు. తీరా చూస్తే మామూలు క్లాసుల కంటే పాస్ శాతం బాగా తక్కువ. జులైకల్లా బ్రేక్ వేయాల్సొచ్చింది.

గమనిస్తే.. లెక్చరర్ తన క్లాసుకు తగ్గట్టు మలుచుకున్నది నిలబడింది. పైనుంచి ఒప్పందంగా దిగింది ఎదురుతిరిగింది. వైస్ ఛాన్సలర్ స్థాయి వాళ్లకు టెక్నాలజీ ఎంత తెలుసన్నది ఇక్కడ లెక్చరర్లకు రెండో ప్రశ్నే. సంతకానికి ముందు అడిగారా లేదా అన్నదే మొదటిది.

2013 నవంబర్‌లో శాన్ హోసే సెనేట్ ఓ పాలసీ తెచ్చింది. బయటి సంస్థతో ఆన్‌లైన్ కోర్సు ఒప్పందం చేసుకోవాలంటే ముందుగా సంబంధిత డిపార్ట్‌మెంట్ ఓకే చెప్పాలి. అయితే ఆ రూల్ ఆ ఒక్క క్యాంపస్‌దే. చాట్‌జీపీటీ డీల్ కుదుర్చుకుంది మాత్రం అన్ని క్యాంపస్‌లకూ పైన ఉండే ఛాన్సలర్ ఆఫీసు.