ఎస్సార్‌నగర్ సిగ్నల్ దగ్గర ముగ్గురు

హైదరాబాద్ ఎస్సార్‌నగర్‌లో ‘ఉమేశ్‌చంద్ర విగ్రహం దగ్గర’ అంటే ఆటోవాళ్లు ఇక వేరే గుర్తు అడగరు. చుట్టూ హాస్టళ్లు, కర్రీ పాయింట్లు, పైన మెట్రో. ఉద్యోగాల వేటలో ఆ హాస్టళ్లలో ఉంటున్న పిల్లల్లో చాలామంది ఆయన పోయాక పుట్టినవాళ్లే.

1999 సెప్టెంబర్ 4. ఇక్కడే ఎర్ర లైటు పడి ఐపీఎస్ అధికారి ఉమేశ్‌చంద్ర కారు ఆగింది. నలుగురు నక్సలైట్లు కాల్పులు మొదలుపెట్టారు. డ్రైవర్, గన్‌మన్ అక్కడికక్కడే పోయారు. ఉమేశ్‌చంద్ర దిగారు. దిగి పారిపోలేదు, కాల్చినవాళ్ల వెంటపడ్డారు. ఆయన చేతిలో తుపాకీ లేదని వాళ్లు గమనించారు. వెనక్కి తిరిగి కాల్చారు. అప్పటికి ఆయన వయసు 33.

తెగువ అనండి, తొందరపాటు అనండి. పట్టపగలు నడిరోడ్డు మీద, పక్కన ఇద్దరు నెత్తురోడుతుంటే లెక్కలు వేసుకునే తీరిక ఎవరికుంటుంది?

అప్పటి గుంటూరు జిల్లా పెదపులివర్రు ఆయన సొంతూరు. 1991 బ్యాచ్ ఐపీఎస్. వరంగల్, పులివెందుల, కడప, కరీంనగర్... ఒకచోట నక్సలైట్లు, ఇంకోచోట ఫ్యాక్షన్లు. సులువైన పోస్టింగు ఒక్కటీ లేదు. ఎస్పీగా ఉన్నప్పుడు జనం ‘కడప టైగర్’ అన్నారు. నక్సలైట్ల మీద పోరాడే పోలీసు దళం గ్రేహౌండ్స్‌కు ప్రాణం పోసిన అధికారి కె.ఎస్.వ్యాస్‌ను 1993 జనవరి 27న ఎల్బీ స్టేడియంలో జాగింగ్ చేస్తుండగా పీపుల్స్‌వార్ నక్సలైట్లు కాల్చి చంపారు. అదే పీపుల్స్‌వార్ ఆరేళ్ల తర్వాత ఉమేశ్‌చంద్రనూ లెక్కగట్టి పట్టుకుంది. ఆ దశాబ్దపు ఎన్‌కౌంటర్ల మీద పౌరహక్కుల సంఘాలు అడిగిన ప్రశ్నలున్నాయి, వాటిని కాదనక్కర్లేదు. వాటికి జవాబు మాత్రం సిగ్నల్ దగ్గర ఆగిన కారులో దొరకదు.

కడప టైగర్ అన్న పేరు వెనక మరుగునపడే సంగతి ఒకటుంది. చనిపోయేనాటికి ఆయన పని వేట కాదు. డీజీపీ కార్యాలయంలో సంక్షేమ విభాగం ఏఐజీ. ఆస్పత్రి బిల్లులు, పిల్లల చదువులు, పోలీసు పోయిన ఇంటి బాగోగులు చూసే కొలువది. ఆ రోజు ఆయన ఒక్కరే బతికి బయటపడి ఉంటే, డ్రైవర్, గన్‌మన్‌ల కుటుంబాల ఫైళ్లు వచ్చి చేరేది ఆయన బల్ల మీదికే.

పోలీసు అమరులను తలుచుకునే అక్టోబర్ 21 వెనకా ఇలాంటివాళ్లే ఉన్నారు. తిరిగిరాని సహచరులను వెతుకుతూ 1959లో లద్దాఖ్ హాట్‌స్ప్రింగ్స్ వైపు వెళ్లిన కరమ్‌సింగ్ పోలీసు దళం మీద చైనా సైనికులు కాల్పులు జరిపారు. పదిమంది చనిపోయారు. అప్పటి నుంచి జిల్లా జిల్లాలో పరేడ్ మైదానాల్లో ఆ రోజున ‘శోక్ శస్త్ర్’ అన్న కేక వినపడుతుంది. తుపాకులు గొట్టం కిందికి తిరుగుతాయి, తలలు వంగుతాయి, ఆ ఏడాది పోయినవాళ్ల పేర్లు చదువుతారు. వాటిలో ఐపీఎస్‌లు అరుదు. ఎక్కువమంది కానిస్టేబుళ్లే.

పూలగుచ్ఛాలు పెట్టడం అయ్యాక అధికారులు అమరుల కుటుంబాల దగ్గరికి వస్తారు. అక్కడ శౌర్యం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఇంటి స్థలం, కొడుకు ఉద్యోగం, ఇంకా చేతికి రాని కాగితం... ఇంటివాళ్లు అర్జీ మడతలు విప్పి చూపిస్తారు.