అప్‌డేట్‌కి అడ్డుపడేదెవరు?

పేపరు సైటు తెరుచుకుంటోంది. యూట్యూబ్‌లో పాటలు వస్తున్నాయి. కరెంటు బిల్లూ కట్టేశారు. కానీ విండోస్ అప్‌డేట్ బటన్ నొక్కితే మాత్రం చక్రం తిరిగి తిరిగి, చివరికి కనెక్ట్ కాలేకపోయానంటుంది కంప్యూటర్. 'పోన్లే, మిగతావన్నీ పనిచేస్తున్నాయిగా' అని ఊరుకుంటాం. అన్ని దారులూ తెరిచి ఉండి ఆ ఒక్కటే మూసుకుపోయిందంటే... ఎవరో పనిగట్టుకుని మూశారేమో చూసుకోవద్దూ!

ఫోను తీగ కోసిన దొంగ

2008 అక్టోబరు 23న విండోస్‌లోని ఓ పెద్ద లోపానికి మైక్రోసాఫ్ట్ మరమ్మతు విడుదల చేసింది. దాన్ని వేసుకోని కంప్యూటర్ల మీద నవంబరులో 'కాన్‌ఫికర్' అనే వర్మ్ విరుచుకుపడింది. లక్షల కంప్యూటర్లలోకి దూరింది. రాగానే అది చేసిన పని- ఆటోమేటిక్ అప్‌డేట్లను ఆపేయడం. మైక్రోసాఫ్ట్ సైటు, యాంటీవైరస్ కంపెనీల సైట్లు తెరుచుకోనిచ్చేది కాదు. మిగతావన్నీ మామూలే. దొంగ ఇంట్లోకి దూరి, పోలీసులకు ఫోన్ చేయకుండా ముందు తీగ కోసేసినట్టన్నమాట! దాన్ని సృష్టించినవాళ్లను పట్టిస్తే రెండున్నర లక్షల డాలర్లిస్తామని 2009 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది.

2017లోనూ అదే కథ. మార్చిలో మరమ్మతు వచ్చింది. మే 12న 'వాన్నాక్రై' దాడి మొదలైంది. ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే 300 డాలర్లు కట్టమంది. దాని బారిన పడినవాటిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ కొన్ని ఉన్నాయి. మరమ్మతు చేతికొచ్చి రెండు నెలలైనా వేసుకోకపోవడమే చాలామంది కొంప ముంచింది.

ఒక్కోటీ చూద్దాం

అప్‌డేట్ ఆగిన ప్రతిసారీ వైరస్సే కానక్కర్లేదు. కంగారుపడకుండా తేలికైన వాటితో మొదలుపెట్టండి.

తేదీ: పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీదుండే బిళ్ల బ్యాటరీ అయిపోతే తేదీ ఎక్కడికో వెళ్లిపోతుంది. అప్పుడు సర్వర్ చూపించే భద్రతా సర్టిఫికెట్‌ని కంప్యూటర్ నమ్మదు. తేదీ, సమయం సరిచేస్తే చాలు.

నెట్: ఫోన్ హాట్‌స్పాట్‌తో ఓసారి ప్రయత్నించండి. అప్‌డేట్ అయిందా, లోపం రూటర్‌దో నెట్ కనెక్షన్‌దో. కాలేదా, కంప్యూటర్‌లోనే ఉందనుకోవచ్చు. అయితే సెట్టింగ్స్‌లో ఆ నెట్‌కి 'మీటర్డ్ కనెక్షన్' ఆన్‌లో ఉంటే, డేటా ఖర్చవుతుందని విండోసే అప్‌డేట్లను ఆపుతుంది.

సర్వీసు: 'స్లో అవుతుంది సార్' అంటూ మెకానిక్కే అప్‌డేట్లు ఆపేసి ఉండొచ్చు. స్టార్ట్‌లో 'సర్వీసెస్' అని వెతికి, అందులో 'విండోస్ అప్‌డేట్' ఎదుట 'డిజేబుల్డ్' అని ఉంటే 'మాన్యువల్'కి మార్చండి.

ప్రాక్సీ: నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో మీరు పెట్టని ప్రాక్సీ ఉంటే అనుమానించాల్సిందే. ఆఫీసు లాప్‌టాప్ అయితే మాత్రం దేన్నీ ముట్టుకోకుండా అక్కడి ఐటీ వాళ్లనే అడగండి.

హోస్ట్స్ ఫైలు: ఇది కంప్యూటర్ సొంత ఫోన్ డైరీ. ఏ సైటు ఎక్కడుందో బయట అడిగేముందు ఇందులో చూసుకుంటుంది. సిస్టమ్32లోని డ్రైవర్స్ ఫోల్డర్‌లో 'ఈటీసీ'లో ఉంటుంది. హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరుసల్ని వదిలేయండి. మిగతావాటిలో మైక్రోసాఫ్ట్ పేరు కనిపించిందా... ఎవరో తప్పుడు చిరునామా రాసిపెట్టారన్నట్టే! క్రాక్ సాఫ్ట్‌వేర్లు ఇలాంటి పనులు చేస్తుంటాయి.

అప్పటికీ కదలకపోతే

పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. తర్వాత విండోస్ సెక్యూరిటీలోని స్కాన్ ఆప్షన్లలో 'ఆఫ్‌లైన్ స్కాన్' నడపండి. విండోస్ పూర్తిగా మేలుకోకముందే వెతుకుతుంది కాబట్టి లోపల నక్కినవాటికి తప్పించుకోవడం కష్టం. అది తేలేదాకా ఆ కంప్యూటర్లో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టొద్దు.

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మీది అదే అయితే తప్పు నెట్‌ది కాకపోవచ్చు. ఇక, 'మీ అప్‌డేట్ ఆగిపోయింది, మేం బాగుచేస్తాం' అంటూ ఫోనొస్తే వెంటనే పెట్టేయండి. మైక్రోసాఫ్ట్ తనంతట తానుగా అలా ఎవరికీ ఫోన్ చేయదు.

ఇంటికి గడియ మనం వేసుకుంటే రక్షణ. ఇంకెవరో వేస్తే..? ఈ ఆదివారం ఓ అరగంట కూర్చుని, వేసిందెవరో కనిపెట్టండి మరి!