పుండులో పురుగులన్నీ ఒకటి కావు

సోలాపూర్ పూర్వ భాగంలో, మన పద్మశాలీల వాడల్లో, డ్రెస్సింగులు కట్టే నర్సును నేను. సాంచాల (మరమగ్గాల) దగ్గర గంటల తరబడి నిలబడేవాళ్లకు కాళ్ల నరాలు ఉబ్బుతాయి. చీలమండ పైన చర్మం నల్లబడుతుంది. చిన్న గీరుడే పుండై నెలల తరబడి మానదు. షుగర్ తోడైతే అరికాలికి స్పర్శే ఉండదు, కుళ్లుతున్నా తెలియదు. ఈగ వాలిందంటే పురుగులే.

బీడీలు చుట్టే ఒక పెద్దమ్మ, కొడుకు కట్టు నేను విప్పుతుంటే తలుపు దగ్గరికేసింది. "బయట చెప్పకు బిడ్డా, పురుగులు పడ్డయంటే మా ఇంటికి పిల్లనెవరిస్తరు?" అంది. టర్పెంటైన్ నూనెలో ముంచిన దూది గాయం అంచున పెట్టాను. పురుగులు పైకొచ్చాయి. ఒక్కొక్కటీ ఫోర్సెప్స్‌తో తీశాను. పుండుకు పురుగులు పట్టడం జబ్బు, పాపఫలం కాదు.

పురుగులతోనే గాయాన్ని శుభ్రం చేసే వైద్యమూ ఉంది. 1917లో, తొడ ఎముకలు విరిగి ఏడు రోజులు యుద్ధభూమిలో పడి ఉన్న ఇద్దరు సైనికులను అమెరికా సర్జన్ విలియం బేర్ చూశాడు. గాయాల నిండా పురుగులు, ఒంట్లో జ్వరం మాత్రం లేదు. కడిగితే కింద గులాబీ రంగు కొత్త కండ! 1928లో బాల్టిమోర్‌లో, ఎముకకు చీము పట్టిన పిల్లలకు అదే చికిత్స మొదలుపెట్టాడు. కొందరికి ధనుర్వాతం రావడంతో, క్రిములు లేకుండా పురుగులను పెంచే పద్ధతి వెతికాడు. పెన్సిలిన్ వచ్చాక ఆ వైద్యం మూలపడింది. మందులకు లొంగని క్రిములు పెరిగాక మళ్లీ గుర్తొచ్చింది. 2004లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది.

ఈ వైద్యంలో వాడేవి లూసీలియా సెరికాటా అనే పచ్చ ఈగ పిల్లలు. పెట్టేటప్పుడు ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటాయి. వాటి లాలాజలం చచ్చిన కండను కరిగిస్తుంది, క్రిములను చంపుతుంది. ఆ రసాన్ని పీల్చి లావెక్కుతాయి. జాలీగుడ్డ కింద రెండు మూడు రోజులుంచి తీసేస్తారు. ఇదేమీ మహిమ కాదు. 2009లో వెలువడిన బ్రిటన్ పరిశోధనలో చచ్చిన కండ త్వరగా పోయింది, నొప్పి పెరిగింది, పుండు మాత్రం ముందుగా మానలేదు.

మన పుళ్లలో వాటంతటవే పడేవాటిని ఎప్పుడూ నమ్మకూడదు. క్రైసోమియా బెజ్జియానా అనే ఈగ పిల్లలు బతికిన కండనే తొలుచుకుంటూ లోపలికి పోతాయి. అందుకే పురుగు కనిపిస్తే దాచకండి, మంచిదేలే అని ఉంచుకోకండి. ఆ రోజే ఆసుపత్రికి రండి. షుగర్ ఉన్నవాళ్లు రోజూ పడుకునే ముందు అరికాళ్లు చూసుకోండి, కనిపించకపోతే ఇంట్లోవాళ్లతో చూపించుకోండి.