కెమెరా కన్నుకు హక్కు లేదా?

తలపై ఫెల్టు టోపీ, సన్నని మీసం, స్థిరమైన చూపు. భగత్ సింగ్ అనగానే భారతీయుల మనస్సులో మెదిలే రూపం ఇదే. క్యాలెండర్లపైన, కరపత్రాలపైన, ఊరి గోడలపైన తరతరాల చిత్రకారులు ఈ రూపాన్నే గీస్తూ వచ్చారు. కొందరు టోపీ తీసివేసి పసుపు తలపాగా చుట్టారు. వీరిలో ఆ యువకుని కళ్లారా చూచినవారు బహు కొద్దిమంది. తక్కినవారందరూ చూచినది ఒక ఛాయాచిత్రాన్ని మాత్రమే. 1929 ఏప్రిల్ 8న కేంద్ర శాసనసభలో బాంబులు విసరడానికి కొద్దిరోజుల ముందు, ఢిల్లీలో కాశ్మీరీ గేటు వద్దనున్న రామ్‌నాథ్ ఫొటో స్టూడియోలో తీసిన చిత్రం అది. ఫొటోలోని వ్యక్తి చరిత్ర పురుషుడైనాడు. దానిని చూచి బొమ్మలు వేసినవారిలో కొందరు చిత్రకారులుగా పేరు గడించారు. స్టూడియో పేరు మాత్రం చరిత్ర పరిశోధకుల పుటలకే పరిమితమైపోయింది.

ఆ ఫొటో గురించి నేడు వ్యాజ్యమేమీ లేదు. దానిపై కాపీరైటు ఏనాడో తీరిపోయింది. అయితే అది లేవనెత్తే ప్రశ్న మాత్రం సజీవంగానే వున్నది. ఒకరు తీసిన ఫొటోను చూచి మరొకరు బొమ్మ గీస్తే ఆ బొమ్మ ఎవరిది? కుంచె పట్టిన వానిదా, కెమెరా పట్టిన వానిదా? కుంచె వానిదే అని మన సమాజం చిరకాలంగా భావిస్తూ వచ్చింది. కెమెరా ఒక యంత్రం, మీట నొక్కితే బొమ్మ పడుతుంది, అందులో ప్రతిభ యేమున్నది అన్నది ఈ భావనకు మూలం. మన శాసనం మాత్రం ఇందుకు భిన్నంగా చెబుతున్నది.

1957 నాటి కాపీరైటు శాసనం కళాకృతి అంటే యేమిటో నిర్వచిస్తూ వర్ణచిత్రం, శిల్పం, రేఖాచిత్రం, చెక్కడపు బొమ్మలతో పాటు ఛాయాచిత్రాన్ని కూడా ఒకే పంక్తిలో కూర్చోబెట్టింది. అందులో కళాత్మకత వున్నా లేకపోయినా సరే అని కూడా స్పష్టం చేసింది. ఫొటో తీసిన వ్యక్తే దాని కర్త. ఆ కృతిని ఏ భౌతిక రూపంలోనైనా తిరిగి తయారుచేసే హక్కు కాపీరైటు యజమానికే చెందుతుంది. కనుక ఫిల్ము మీది బొమ్మ కాన్వాసు మీదికి మారినంత మాత్రాన హక్కు మాసిపోదు. మాధ్యమం మారిందన్న వాదం న్యాయస్థానంలో నిలువదు.

ఇంతకూ ఫొటోపై యజమాని ఎవరు? ఇక్కడ చాలామంది ఎరుగని రెండు విషయాలున్నాయి. మొదటిది: డబ్బు చెల్లించి తీయించుకున్న ఫొటోపై, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కు తీయించుకున్న వారిదే. ఈ సూత్రం 1929లో అమలులో వున్న బ్రిటిష్ శాసనంలోనూ వుండేది. కాశ్మీరీ గేటు స్టూడియోకు విప్లవకారులు పైకం చెల్లించి వుంటే, ఆ చిత్రంపై తొలి హక్కుదారులు వారే అయి వుంటారు! రెండవది పత్రికలకు సంబంధించినది. పత్రికా సంస్థలో జీతానికి పనిచేసే ఫొటోగ్రాఫరు తీసిన చిత్రాన్ని పత్రికలలో ప్రచురించే హక్కు యాజమాన్యానిది. తక్కిన అన్ని విషయాలలోనూ, ఒప్పందం మరొక విధంగా లేనంతవరకు, హక్కు ఫొటోగ్రాఫరుదే. అనగా ఆ ఫొటోను చూచి వర్ణచిత్రం వేసుకొనడానికి అనుమతి ఇవ్వవలసినది పత్రికాధిపతి కాదు, లాఠీల నడుమ, బాష్పవాయువు నడుమ నిలబడి దానిని తీసిన వ్యక్తి. ఉద్యోగంలో చేరేనాడు సంతకం పెట్టే కాగితాలలో ఈ హక్కును కూడా వదులుకొంటున్నామేమో చూసుకునేవారు ఎందరు?

శాసనం ఒకే పంక్తిలో కూర్చోబెట్టినా, వడ్డన మాత్రం చాలాకాలం సమానంగా జరుగలేదు. చిత్రకారునికి జీవితకాలంతో పాటు మరణానంతరం 50 యేళ్లు హక్కు వుండేది. రవీంద్రనాథ ఠాగూరు రచనలపై గడువు 1991తో ముగియనున్నందున కేంద్రం హడావుడిగా కదిలి, దానిని 60 యేళ్లకు పెంచింది. ఫొటోకు మాత్రం లెక్క వేరు. అచ్చయిన నాటి నుంచి 50, తరువాత 60 యేళ్లు, అంతే. ఈ అంతరం ఫలితం యేమిటో ఒక ఉదాహరణ చాలును. మన దేశంలో తొలి మహిళా పత్రికా ఫొటోగ్రాఫరుగా ప్రసిద్ధి కెక్కిన హోమాయ్ వ్యారావాలా 1942లో ఢిల్లీకి వచ్చి, స్వాతంత్ర్యోదయాన్ని, గాంధీజీ అంతిమయాత్రను, నెహ్రూ పావురాన్ని ఎగురవేసిన క్షణాన్ని కెమెరాలో బంధించారు. తొలినాళ్లలో ఆమె తీసిన ఫొటోలు భర్త పేరుతో అచ్చయ్యేవి. ఆమె 2012 జనవరిలో, 98 యేళ్ల వయస్సులో కన్నుమూశారు. 1947లో అచ్చయిన ఫొటోపై హక్కు పాత నిబంధన ప్రకారం 2007తో ముగిసిపోతుంది. అనగా ఆ తరం ఫొటోగ్రాఫరు బ్రతికి వుండగానే ఆ కృతి అందరి సొత్తు అవుతుంది. అదే యేడు బొమ్మ వేసిన చిత్రకారుని హక్కు మాత్రం అతని మనుమల దాకా నడుస్తుంది.

ఈ అన్యాయాన్ని పార్లమెంటు 2012 మే నెలలో సవరించింది. సినీ గీత రచయితల, సంగీత దర్శకుల రాయల్టీ హక్కులపై సాగిన చర్చల సందడిలో ఈ చిన్న సవరణ పత్రికల దృష్టికి అంతగా రాలేదు. ఫొటోలకు ప్రత్యేక గడువు విధించే సెక్షనును తొలగించడంతో, ఫొటోగ్రాఫరుకు కూడా జీవితకాలం, ఆపైన 60 యేళ్లు హక్కు లభించింది. వ్యారావాలా మరణించిన నాలుగు నెలలకు ఈ సమానత్వం సిద్ధించడం విధి వైచిత్రి.

ఇక చిత్రకారుని పక్షం. ఫొటోగ్రాఫరు హక్కు ఎంతవరకు? గాంధీజీ ముఖంపై ఎవరికీ కాపీరైటు లేదు. ఒక ఊరేగింపుపైన, ఒక కరవుపైన, ఒక కన్నీటిపైన కూడా లేదు. ఈ విషయంలో దారి చూపే తీర్పు 1978లో సుప్రీంకోర్టు నుంచి వెలువడింది. ఢిల్లీకి చెందిన ఆర్.జి. ఆనంద్ తన 'హమ్ హిందుస్తానీ' నాటకాన్ని 'న్యూఢిల్లీ' అనే హిందీ చిత్రంగా కాపీ చేశారని దావా వేశారు. ప్రాంతీయ దురభిమానం రెండింటికీ వస్తువే. అయినా దావా వీగిపోయింది. ఆలోచనపై, వస్తువుపై, చారిత్రక సత్యంపై హక్కు వుండదని, వాటిని వ్యక్తీకరించిన తీరుపైనే వుంటుందని న్యాయస్థానం స్పష్టం చేసింది. రెంటినీ చూచిన సామాన్య ప్రేక్షకునికి రెండవది మొదటి దానికి నకలు అన్న అభిప్రాయం నిస్సందేహంగా కలుగుతుందా అన్నదే గీటురాయి.

దీనిని ఫొటోకు అన్వయించి చూడండి. భోపాలు విషవాయువు దుర్ఘటనపై ఎవరైనా బొమ్మ గీయవచ్చు. పది ఫొటోలు చూచి, నాటి వార్తలు చదివి, ఊహను జోడించి గీస్తే అది చిత్రకారుని సొంత కృతి. ఒకే ఫొటోను ఎంచుకొని, అందులోని కోణం, వెలుగునీడలు, ముఖంలోని ఆ ఒక్క క్షణపు భావం యథాతథంగా ఎత్తి వ్రాస్తే అది నకలు. ఫొటోగ్రాఫరు సృష్టించినది ఆ ముఖాన్ని కాదు, నిజమే. కానీ ఆ క్షణాన్ని ఎన్నుకొన్నది, ఆ చోట నిలబడినది అతడే.

మినహాయింపులు లేకపోలేదు. సొంత ఉపయోగానికి, అధ్యయనానికి, విమర్శకు, వర్తమాన సంఘటనల వార్తాకథనానికి న్యాయమైన పరిమితిలో వాడుకొనవచ్చు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన విగ్రహాన్ని చూచి ఎవరైనా బొమ్మ వేసుకొనవచ్చు. ఫొటోకు ఆ వెసులుబాటు లేదు. విమర్శ అంటే యేమిటో కేరళ హైకోర్టు 1996లో చక్కగా విడమరచింది. తోప్పిల్ భాసి వ్రాసిన సుప్రసిద్ధ కమ్యూనిస్టు నాటకానికి ప్రతిగా సివిక్ చంద్రన్ మరొక నాటకం వ్రాసి, మూలంలోని పాత్రలను, సంభాషణలను ధారాళంగా వాడుకొన్నారు. మూలకృతిని, అది ప్రవచించిన రాజకీయాన్ని ప్రశ్నించడానికే వాడుకొన్నారు గనుక అది కాపీ కాదని న్యాయస్థానం భావించింది. మూలాన్ని నిలదీయడానికి దానిని వాడుకొనడం వేరు. సొంతంగా శ్రమించకుండా వుండేందుకు దానిని వాడుకొనడం వేరు.

సరిగా ఈ విభజన రేఖ మీదనే అమెరికా సుప్రీంకోర్టు 2023 మే 18న తీర్పు చెప్పింది. గాయకుడు ప్రిన్స్ ఫొటోను లిన్ గోల్డ్‌స్మిత్ 1981లో తీశారు. 1984లో ఒక పత్రిక దానిని ఒక్కసారి వాడుకొనడానికి 400 డాలర్లు చెల్లించి, ఆ ఆధారంతో ఆండీ వార్హోల్ చేత బొమ్మ వేయించింది. వార్హోల్ అంతటితో ఆగక మొత్తం 16 చిత్రాలు తయారుచేశారు. 2016లో ప్రిన్స్ మరణించినప్పుడు పత్రికా సంస్థ అందులో ఒకదానిని ముఖచిత్రంగా వేసి వార్హోల్ ఫౌండేషనుకు 10,000 డాలర్లు ఇచ్చింది. గోల్డ్‌స్మిత్‌కు పైకమూ లేదు, పేరూ లేదు. న్యాయమూర్తులు 7-2 ఆధిక్యతతో ఆమె పక్షం వహించారు. ఫొటో ఏ పనికి ఉద్దేశించినదో, బొమ్మ కూడా అదే పనికి, అదే విధమైన అంగడిలో అమ్ముడుపోయిందన్నది వారి వాదసారం. ఈ లెక్కన కొత్త కళకు ఆటంకం కలుగుతుందని భిన్నాభిప్రాయం వెలిబుచ్చిన న్యాయమూర్తి ఎలినా కేగన్ ఆందోళన కూడా కొట్టివేయదగినది కాదు. 2008 ఎన్నికలలో ఒబామా ముఖాన్ని ఇంటింటికీ చేర్చిన షెపర్డ్ ఫెయిరీ పోస్టరు కథ మరింత దిగులు గొలిపేది. అది 2006లో అసోసియేటెడ్ ప్రెస్ కోసం తీసిన ఫొటోకు రూపాంతరం. మూలం ఏదో ఒప్పుకొనకుండా సాక్ష్యాలను నాశనం చేసినందుకు ఫెయిరీకి 2012లో 25,000 డాలర్ల జరిమానా, రెండేళ్ల ప్రొబేషను విధించారు. మొదటనే పేరు చెప్పి వుంటే ఆ దుర్గతి వుండేది కాదు.

రాజకీయాభిమానం గల పాఠకులకు ఇక్కడ ఒక ధర్మసందేహం కలుగవచ్చు. ప్రతి బొమ్మకూ అనుమతి కావాలంటే ఉద్యమాల గోడలు బోసిపోవా? తెలుగునాట కళాశాలల గోడలపై చే గువేరా ముఖం గీసిన విద్యార్థి హవానాకు ఉత్తరం వ్రాయవలెనా? ఆ ఫొటో 1960 మార్చి 5న అల్బెర్టో కోర్డా తీసినది. 1968లో ఐరిష్ చిత్రకారుడు జిమ్ ఫిట్జ్‌పాట్రిక్ దానిని ఎరుపు, నలుపు పోస్టరుగా మలచగా ప్రపంచమంతటా వ్యాపించింది. కోర్డా దశాబ్దాల పాటు ఎవరినీ రాయల్టీ అడుగలేదు. కానీ 2000లో ఒక వోడ్కా ప్రకటనలో ఆ ముఖం కనిపించగానే కోర్టుకెక్కారు. రాజీలో లభించిన సొమ్మును క్యూబా వైద్యసేవలకు ఇచ్చివేశారు. ఉద్యమానికి ఉదారంగా ఇచ్చి, సారా వ్యాపారానికి నిరాకరించగలగడమే హక్కుకు అర్థం. హక్కు లేనివాడు ఔదార్యం కూడా చూపలేడు.

మరొక నిశ్శబ్ద పాత్ర కూడా వున్నది. పాకిస్తాన్‌లోని నాసిర్ బాగ్ శరణార్థి శిబిరంలో 1984లో స్టీవ్ మెక్‌కరీ తీసిన ఆఫ్ఘన్ బాలిక ఫొటో లోకప్రసిద్ధం. ఆ బాలిక పేరు షర్బత్ గులా అని ప్రపంచానికి తెలిసినది 2002లో. ఆ బొమ్మ విషయంలో ఫొటోగ్రాఫరుకు, చిత్రకారునికి మధ్య తగవును కాపీరైటు శాసనం తీర్చగలదు. ఆ కళ్లు ఎవరివో ఆమెకు మాత్రం అందులో వాటా లేదు.

ఆచరణలో చేయవలసినది కష్టమైనదేమీ కాదు. పేరు ఎల్లవేళలా చెప్పవలసినదే. హక్కులన్నీ అమ్ముకొన్న తరువాత కూడా కర్తగా గుర్తింపు పొందే అధికారం 57వ సెక్షను ప్రకారం మిగిలే వుంటుంది. విజ్ఞాన్ భవన్‌లో తన కుడ్యశిల్పాన్ని ఊడబెరికిన ప్రభుత్వంపై అమర్‌నాథ్ సెహగల్ 2005లో ఢిల్లీ హైకోర్టులో గెలిచినది ఈ సెక్షను బలంతోనే. బొమ్మ అమ్మకానికి పెట్టేటప్పుడు, ముద్రించి పంచేటప్పుడు అనుమతి తీసుకొనవలసినదే. మరి, గోడ మీద నిరసన చిత్రం గీసిన నిరుపేదను ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలుశిక్ష విధించగల 63వ సెక్షను బారిన పడకుండా కాపాడే స్పష్టమైన మినహాయింపును పార్లమెంటు చేర్చవలసి వున్నది. అది పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరమని సుప్రీంకోర్టు 2022లో తేల్చిన పిమ్మట ఈ అవసరం మరింత పెరిగింది. సినిమాలకు, పాటలకు జరిగిన చర్చలో పదోవంతు ఫొటోకు, బొమ్మకు జరిగినా చాలును. ఒక శతాబ్దం మన రాజకీయ చరిత్రను కళ్లకు కట్టినవారికి, ఆ చరిత్రను గోడల మీదికి తెచ్చినవారికి శాసనకర్తలు ఆ మాత్రం ఋణపడి వున్నారు.