పడిన రాయి ఎక్కడికి పోయింది?

ఆకాశం నుంచి పెద్ద రాయి ఒకటి వచ్చి భూమిని తాకితే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు మన బుర్రల్లో సిద్ధంగా ఉండే జవాబు ఒకటుంది: గొయ్యి పడుతుంది, రాయి ఆ గోతి అడుగున దిగబడి ఉంటుంది. బురదలోకి గులకరాయి విసిరిన అనుభవం నుంచి వచ్చిన జవాబు ఇది. నిత్యానుభవం నుంచి వచ్చింది కాబట్టి నిజమేననిపిస్తుంది. కాని నిత్యానుభవం ఎంతవరకు చెల్లుతుందో, ఎక్కడినుంచి చెల్లదో తేల్చటం శాస్త్రం పని. ఈ జవాబును నమ్మి ఒక గనుల యజమాని పాతికేళ్లకు పైగా నేలను తవ్వించాడు. ఆ చరిత్ర తెలుసుకుంటే గ్రహశకలాల గురించే కాదు, శాస్త్రానికీ లాభాపేక్షకూ మధ్య ఉండే సంబంధం గురించి కూడా కొంత తెలుస్తుంది.

అమెరికాలోని అరిజోనా ఎడారిలో దాదాపు 1,200 మీటర్ల వెడల్పు, 170 మీటర్ల లోతు ఉన్న గుండ్రటి గొయ్యి ఉంది. దాని చుట్టుపక్కల నేలమీద నికెల్ కలిసిన ఇనుప ముక్కలు దొరికేవి. 1891లో గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ అనే పేరున్న భూగర్భ శాస్త్రజ్ఞుడు అక్కడికి వెళ్లి రెండు పరీక్షలు చేశాడు. లోపల పెద్ద ఇనుప ముద్ద ఉంటే అయస్కాంతపు ముల్లు పక్కకు తిరగాలి, తిరగలేదు. ముద్ద లోపల కొంత చోటు ఆక్రమించుకుని ఉంటే, గోతినుంచి బయటపడి గట్టుగా పేరుకున్న మట్టీ రాళ్లూ గొయ్యి పట్టే పరిమాణంకన్నా ఎక్కువ ఉండాలి, లేవు. కాబట్టి ఇది ఆకాశం నుంచి ఏదో పడినందువల్ల ఏర్పడింది కాదనీ, భూగర్భంలోని ఆవిరి పేలి ఏర్పడిందనీ ఆయన నిర్ధారించాడు. పరీక్షలు పద్ధతి ప్రకారమే జరిగాయి. పొరపాటు వాటి వెనక ఉన్న ఊహలో ఉంది: రాయి పడితే అది గోతిలోనే ఉండి తీరాలి!

1903లో డేనియల్ బారింజర్ రంగంలోకి దిగాడు. గనుల ఇంజనీరు, గనుల్లోనే డబ్బు సంపాదించినవాడు. స్టాండర్డ్ ఐరన్ కంపెనీ పెట్టి ఆ గొయ్యిని సొంతం చేసుకున్నాడు. అక్కడ అగ్నిపర్వతపు రాయి జాడ లేదనీ, ఇసుకరాయి పిండిపిండి అయిందనీ, గట్టుమీద రాతిపొరలు తలకిందులుగా బోర్లపడ్డాయనీ, ఇనుప ముక్కలు ఆ శిథిలాలతో కలగలిసి ఉన్నాయనీ చూపించాడు. ఆకాశం నుంచి పడినదే ఈ గొయ్యికి కారణమన్నాడు. ఆ విషయంలో ఆయనదే సరైన మాట. అప్పటి పండితులు చాలాకాలం దాన్ని ఒప్పుకోలేదు. కాని గిల్బర్ట్ ఊహే బారింజర్ ఊహ కూడా. రాయి పడింది గనక లోపల ఉండాలి. ఆ లెక్కన కోటి టన్నుల ఇనుమూ నికెలూ తనకోసం కింద ఎదురుచూస్తూ ఉండాలి!

గోతి మధ్యలో బోర్లు వేయించాడు. ముద్ద తగల్లేదు. బురదలోకి తుపాకి పేల్చి చూస్తే, గుండు ఏటవాలుగా దూసుకుపోయినా పైన పడే గుంట గుండ్రంగానే ఉంది. అయితే ముద్ద పక్కకు దిగి ఉంటుందని దక్షిణపు గట్టుమీద తవ్వించాడు. అక్కడి బోరు దాదాపు 420 మీటర్ల లోతుకు వెళ్లి ఇరుక్కుపోయింది. 1929లో పెట్టుబడి పెట్టినవాళ్లకు అనుమానం వచ్చి, ఫారెస్ట్ రే మౌల్టన్ అనే ఖగోళశాస్త్రజ్ఞుణ్ణి లెక్క కట్టమన్నారు. ఆయన తేల్చింది ఇదీ: పడినదాని బరువు సుమారు మూడు లక్షల టన్నులు మాత్రమే, అందులోనూ చాలాభాగం తాకిడికే ఆవిరైపోయి ఉంటుంది. పని ఆగిపోయింది. ఆ సంవత్సరం నవంబరు 30న బారింజర్ గుండెపోటుతో చనిపోయాడు.

ఇనుము ఆవిరి కావటమేమిటి? కొలిమిలో ఎర్రగా కాల్చి సమ్మెటతో బాదినా సాగటమే తప్ప మాయం కాని ఇనుము, నేలను తాకినంతలో ఆవిరవుతుందా?

సమాధానం వేగంలో ఉంది. కదిలే వస్తువులోని శక్తి దాని వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలు. పదింతలైతే శక్తి నూరింతలు. సెకనుకు మూడు కిలోమీటర్ల వేగంతో పోయే ఏ వస్తువైనా, రాయి గాని ఇనుము గాని, తన బరువుకు సమానమైన టి.ఎన్.టి. మందుగుండుకు ఉండేంత శక్తిని మోస్తుంది. గ్రహశకలాన్ని భూమి తనవైపు లాక్కుంటుంది గనక, అది వాతావరణాన్ని చేరేటప్పటికి దాని వేగం సెకనుకు కనీసం 11 కిలోమీటర్లు ఉంటుంది. అంటే ప్రతి కిలో శకలమూ పదిహేను కిలోల మందుగుండు శక్తితో వస్తుందన్నమాట. అరిజోనాలో పడినది దాదాపు 50 మీటర్ల ఇనుప శకలం. అది నేలను తాకిన వేగం సెకనుకు కనీసం 12 కిలోమీటర్లు ఉంటుందని అంచనా.

అంత వేగంతో వచ్చినప్పుడు దిగబడటానికి వ్యవధి ఉండదు. శకలపు ముందుభాగం నేలను తాకి ఆగబోతుంది. వెనకభాగానికి ఆ సంగతి ఇంకా తెలియదు, అదే వేగంతో వచ్చి ముందుభాగం మీద పడుతుంది. తాకినచోట పుట్టిన అఘాత తరంగం ఒకటి నేలలోకీ, ఇంకొకటి వెనక్కు శకలంలోకీ పాకుతాయి. ఆ పీడనం వాతావరణపు ఒత్తిడికి లక్షల రెట్లు. అంతటి ఒత్తిడి కింద ఇనుపరాయి గట్టితనం, ఇసుకరాయి మెత్తదనం అనే తేడాలకు అర్థం లేదు. రెండూ ద్రవాల్లాగే ప్రవర్తిస్తాయి. తరంగం శకలపు వెనక అంచును చేరి తిరిగిరాగానే ఒత్తిడి ఒక్కసారిగా సడలుతుంది. నలిగి వేడెక్కిన పదార్థం అప్పుడు కరుగుతుంది, ఆవిరవుతుంది, చిమ్ముకుపోతుంది. ఇదంతా సెకనులో వందో వంతులో ముగుస్తుంది. గొయ్యి తవ్వుకోవటం ఆ తరువాతి సంగతి. నేలలోకి పాకిన తరంగం రాతిపొరలను పైకి, బయటకు తోసేస్తుంది. అందుకు పది సెకన్లు చాలు. పేలుడు అన్నివైపులకూ సమానంగా వ్యాపిస్తుంది గనక శకలం ఏటవాలుగా వచ్చినా గొయ్యి గుండ్రంగానే ఉంటుంది.

పరిమాణంలో మార్పు ఒక హద్దు దాటితే గుణంలో మార్పు అవుతుందన్న సూత్రానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు. గులకరాయి, తుపాకిగుండు, గ్రహశకలం మూడూ కదిలే వస్తువులే. కాని ఒక వేగం దాటాక "దిగబడటం" అనే ప్రక్రియే మాయమై, "పేలటం" అనే కొత్త ప్రక్రియ పుడుతుంది. తుపాకిగుండు పరీక్ష బారింజర్‌కు కొంత నిజం చెప్పింది. అసలు నిజం చెప్పే శక్తి దానికి లేదు.

చివరి రుజువు 1960లో దొరికింది. యూజీన్ షూమేకర్, ఎడ్వర్డ్ చావో, బెత్ మాడ్సెన్ అరిజోనా గోతి రాళ్లలో కోయెసైట్ అనే పదార్థాన్ని గుర్తించారు. అది ఇసుకే, కాని విపరీతమైన ఒత్తిడి కింద బిగుసుకుని కొత్త నిర్మాణం పొందిన ఇసుక. 1953లో ప్రయోగశాలలో తయారయ్యేదాకా దాన్నెవరూ ఎరుగరు. అరిజోనా గొయ్యి నిర్మాణాన్ని షూమేకర్ పోల్చి చూసింది నెవాడా ఎడారిలో అణుబాంబులు పేల్చిన గోతులతో! మానవ వినాశానికి చేసిన ప్రయోగాలు ప్రకృతి రహస్యాన్ని విప్పటానికి పనికి రావటం మన కాలపు వైరుధ్యాల్లో ఒకటి. ఇక బారింజర్ వెతికిన ఇనుము? కొంత చిన్నచిన్న బిందువులుగా గడ్డకట్టి చుట్టూ మైళ్లకొద్దీ మట్టిలో కలిసిపోయి ఉంది. ఆయన బూట్ల కిందే ఉంది.

అయితే పడిన ప్రతిదీ పేలి ఆవిరి కాదు. చిన్నవాటిని గాలి అడ్డుకుంటుంది. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీదికి వచ్చిన 20 మీటర్ల రాతిశకలం నేలను చేరకముందే, దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తున పగిలిపోయింది. వెలుగు ముందు వచ్చింది, తరంగం కాసేపటికి వచ్చింది. వెలుగేమిటా అని కిటికీల దగ్గరకు చేరినవాళ్లను పగిలిన అద్దాలు కోశాయి. సుమారు 1,500 మంది గాయపడ్డారు. వేల టన్నుల రాయిలో మిగిలినవాటిలోకెల్లా పెద్దది చెబార్కుల్ చెరువులోంచి తీసిన ఆరువందల కిలోల పైచిలుకు ముక్క.

గాలి వేగాన్ని బాగా తగ్గిస్తే ఇనుపశకలం చెక్కుచెదరకుండానూ నిలుస్తుంది. నమీబియాలోని హోబా ఉల్క 60 టన్నుల బరువు. దాని చుట్టూ గొయ్యే లేదు. గ్రీన్‌లాండ్‌లో కేప్ యార్క్ దగ్గర పడిన ఇనుమును అక్కడి ఇన్యూట్ ప్రజలు కొట్టి, సానబట్టి తరతరాలుగా కత్తులు, ఈటెమొనలు చేసుకున్నారు. 1897లో రాబర్ట్ పియరీ అందులో 31 టన్నుల ముద్దను ఓడలో న్యూయార్క్‌కు తరలించాడు. తరువాత దాన్ని అక్కడి మ్యూజియం 40 వేల డాలర్లకు కొన్నది. అదే ఓడలో ఆరుగురు ఇన్యూట్ మనుషులను కూడా తెచ్చాడు. వాళ్లలో నలుగురు కొద్దికాలానికే జబ్బుచేసి చనిపోయారు. ఆకాశం ఎవరికీ రాసివ్వకుండా పడేసిన ఇనుముకు చివరకు పట్టా ఎవరి చేతికి వచ్చిందో చూడండి.

పెద్దవాటి సంగతి వేరు. 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం మెక్సికోలోని చిక్షులుబ్ దగ్గర పడిన, పది కిలోమీటర్లకు తక్కువ కాని శకలానికి వాతావరణం ఒక లెక్కలోది కాదు. ఆ శకలం ఇప్పుడు ఎక్కడుంది? భూమి అంతటా ఉంది. ఆవిరై, ధూళై, ప్రపంచమంతా పలచటి మట్టిపొరగా దిగింది. ఆ పొరలో ఇరిడియం అనే అరుదైన లోహం మామూలుకన్నా ఎన్నోరెట్లు ఎక్కువ ఉండటాన్ని బట్టే 1980లో లూయిస్ ఆల్వరెజ్, ఆయన కుమారుడు వాల్టర్, వారి సహచరులు దాని రాకను పసిగట్టారు. అది పడిన గోతిని గుర్తించటానికి మరో పదేళ్లు పట్టింది.

మన పొరుగున మహారాష్ట్రలో లోణార్ సరస్సు ఉంది. దాదాపు 1.8 కిలోమీటర్ల వెడల్పు. లవణాసురుణ్ణి విష్ణువు సంహరించిన చోటని స్థలపురాణం. నల్లరాతి నేల గనక అగ్నిపర్వతపు బిలమని చాలామంది శాస్త్రజ్ఞులే అనుకున్నారు. 1973లో ప్రచురించిన పరిశోధన, బోరు వేసి తీసిన రాళ్లలో అఘాతం వల్ల గాజుగా మారిన ఖనిజాన్ని చూపించి ఆ వాదాన్ని కొట్టివేసింది. తెలంగాణ పడమటి జిల్లాల కింద ఉన్నదీ ఈ దక్కను నల్లరాయే. అక్కడా పడిన రాయి కోసం సరస్సు అడుగున వెతికి లాభం లేదు. రాయి వచ్చిందని చెప్పే సాక్షి రాయి కాదు, దెబ్బతిన్న నేల.

ఇప్పుడు బారింజర్ వారసులు ఆకాశం వైపు చూస్తున్నారు. పడేదాకా ఆగనక్కర్లేదు, అక్కడే తవ్వుకోవచ్చునంటున్నారు. అంతరిక్షాన్ని ఏ దేశమూ సొంతం చేసుకోరాదని 1967 ఒప్పందం చెబుతుండగా, శకలాలనుంచి తీసిన ఖనిజాలమీద తన పౌరులకు ఆస్తిహక్కు ఉంటుందని 2015లో అమెరికా చట్టం చేసింది. ఇంకోవైపు 2022 సెప్టెంబరులో డార్ట్ అనే నౌక డైమార్ఫస్ అనే శకలాన్ని ఢీకొట్టి, దాని పరిభ్రమణ కాలాన్ని అరగంటకు పైగా తగ్గించింది. ముప్పు ముందే కనిపిస్తే శకలాన్ని పక్కకు తప్పించవచ్చునన్న ఆశకు అది మొదటి ఆధారం. రెండింటి వెనకా ఉన్నది ఒకే శాస్త్రం. దాన్ని అందరి రక్షణకు వాడతారా, కొందరి గనులకు వాడతారా అన్నది ప్రయోగశాలలో తేలే ప్రశ్న కాదు. దాన్ని తేల్చవలసింది ప్రజలే.